జీడిపాకం సరే, బాగుపడిన సిరీస్‌ని ఏమనాలి?

ప్రశ్న: సైన్స్ ఫిక్షన్ సిరీస్‌ల మీద తెలుగులో రాస్తుంటాను. ఏ సిరీస్ దిగజారినా "జీడిపాకంలా సాగదీశారు" అని రాసేస్తున్నాం. మొదట్లో విసిగించి తరవాత బాగుపడినవాటికి మాటే దొరకడం లేదు. ఇంగ్లిష్ అభిమానులు "గ్రోయింగ్ ద బియర్డ్" అంటారు. "గడ్డం వచ్చింది" అంటే నడుస్తుందా?

జవాబు: నడవదండీ. గడ్డం పెరిగిందంటే మనవాళ్లు ప్రేమ విఫలమైందేమో అనుకుంటారు. ఆ మాట పుట్టింది స్టార్ ట్రెక్: ద నెక్స్ట్ జెనరేషన్‌లో కెప్టెన్ తరవాతి అధికారి రైకర్ పాత్ర గడ్డం నుంచి. దాని లెక్కా కాస్త తప్పే. గడ్డం 1988లో, రెండో సీజన్‌తో వచ్చింది. ఆ ఏడాది రచయితల సమ్మె. 26 ఎపిసోడ్‌లు రావలసింది 22తో సరిపెట్టారు, చివరిదైతే పాత ముక్కలు అతికించి కానిచ్చారు. నిజంగా బాగుపడింది 1989లో, మైకేల్ పిల్లర్ రచయితల బృందాన్ని చేతిలోకి తీసుకున్న మూడో సీజన్‌లో. వారానికో వింత గ్రహం చూపించడం తగ్గి, కథ అంతరిక్ష ఓడలోని మనుషుల మీదికి మళ్లింది. బయటివాళ్లు పంపిన స్క్రిప్టులు కూడా చదివారు. తరవాత పేరు తెచ్చుకున్న రచయిత రొనాల్డ్ డి. మూర్ అలా వచ్చినవాడే.

ఆ సీజన్ ముగింపు చూడండి. శత్రువుల చేతికి చిక్కి వాళ్లలో ఒకడైపోయిన కెప్టెన్ తెర మీద నిలబడి లొంగిపొమ్మంటాడు. కాల్చమని రైకర్ ఆజ్ఞ ఇస్తాడు. అంతే, అక్కడ ఆపేశారు. దీనికి మన మాట "కథ పాకాన పడింది".

మరొకరు: "వ్యవహారం పాకాన పడింది" అని వెటకారంగా కూడా అంటాం కదండీ?

జవాబు: అంటాం. వ్యవహారం, గొడవ, ప్రేమ పక్కన చేరితే వెటకారం వస్తుంది. కథ పక్కన మాత్రం మెప్పుదలే.

మరొకరు: బాబిలాన్ 5ని ఏమంటారు? నాలుగో సీజన్ పరుగో పరుగు, అయిదో సీజన్ మొదట్లో సరుకే లేదు. అదీ జీడిపాకమేనా?

జవాబు: కానే కాదు. అయిదేళ్లకని ముందే అల్లుకున్న కథ అది. నాలుగో ఏటితో ఆపేస్తారేమోనని పెద్ద ముడులన్నీ ఆ సీజన్‌లోనే విప్పేశారు. చిట్టచివరి ఎపిసోడ్ కూడా అప్పుడే తీసి పెట్టుకున్నారు. తీరా చూస్తే వేరే ఛానెల్ అయిదో సీజన్‌కి ఒప్పుకుంది. ఆ ఎపిసోడ్‌ని దాచి 1998లో వేశారు. నాలుగో సీజన్ చివరి భాగానికి "చుట్టేశారు" అనొచ్చు, కాకపోతే ఆ మాటలో నిర్లక్ష్యం వినిపిస్తుంది. ఇక్కడ ఉన్నది భయం. నేనైతే "ఉరుకులు పరుగుల మీద ముగించారు" అంటాను. అయిదో సీజన్‌ది సాగదీత కూడా కాదు, సాగదీయడానికీ ఏదో ఒకటి మిగలాలిగా!

ప్రశ్న వేసినవారు: అయితే జీడిపాకం ఎక్కడ వాడాలి?

జవాబు: ద ఎక్స్-ఫైల్స్‌లో గ్రహాంతరవాసుల కుట్ర కథకి. 1993లో మొదలైంది, 2002లో తొమ్మిదో సీజన్ ముగిసేసరికి ఒక జవాబు వెనక నాలుగు కొత్త ప్రశ్నలు. సిరీస్ మొత్తాన్ని మాత్రం ఆ మాటతో కొట్టిపారేయకండి. దేనికది విడిగా నడిచే ఎపిసోడ్‌లు ఆ కుట్రతో సంబంధం లేకుండా బాగానే ఉండేవి. 2016లో మళ్లీ తీసినప్పుడు కూడా కుట్ర కథ నీరసపడింది గానీ, డారిన్ మోర్గన్ రాసిన బల్లిమనిషి ఎపిసోడ్ హాయిగా నవ్వించింది.