తోలుబొమ్మలాటలో గ్రహణం చూపించాలంటే దీపం ఎలా పెట్టాలి?

కావలి_సైన్స్‌టీచర్
ఫిబ్రవరి 28 సైన్స్ దినోత్సవానికి కావలి దగ్గర ఊళ్ళో, బడి ఆవరణలో రాత్రిపూట తోలుబొమ్మలాట పెట్టిస్తున్నాం. మధ్యలో ఇరవై నిమిషాలు గ్రహణాలకి ఇస్తామని బృందం వాళ్ళు ఒప్పుకున్నారు. తెర వెనక నాలుగడుగుల ట్యూబ్‌లైటు పెట్టి చూస్తే, బొమ్మ కాస్త వెనక్కి జరగ్గానే నీడ అలుక్కుపోతోంది. ఏ దీపం వాడాలి? రాహుకేతువుల కథ ఉంచాలా, తీసెయ్యాలా?

నీడలెక్క
నీడ అలుక్కుపోయేది దీపం పొడవు వల్లే సార్. దీపం వెడల్పును బొమ్మకీ తెరకీ మధ్య దూరంతో గుణించి, దీపానికీ బొమ్మకీ మధ్య దూరంతో భాగిస్తే మసక అంచు ఎంతో తెలుస్తుంది. 6 సెం.మీ. ఎల్‌ఈడీ బల్బుకి 150 సెం.మీ. ముందు బొమ్మ, అక్కడికి 10 సెం.మీ. ముందు తెర ఉంటే మసక 4 మి.మీ. అదే చోట 120 సెం.మీ. ట్యూబ్‌లైటు పడుకోబెడితే బొమ్మ నిలువు అంచులకి 8 సెం.మీ. మసక వస్తుంది. ఇక బొమ్మ ముక్కూ మొహమూ ఏం కనబడతాయి!

కానీ గ్రహణానికి ఆ మసకే కావాలి. పాక్షిక ఛాయ అంటే అదే. కాబట్టి చుక్కలాంటి దీపం పెట్టకండి. అట్టలో 6 సెం.మీ. గుండ్రటి కన్నం కోసి, ట్రేసింగ్ పేపర్ అంటించి, వెనక ఎల్‌ఈడీ బల్బు పెట్టండి. అది సూర్యుడు. దానికి 60 సెం.మీ. ముందు సన్నటి తీగకి గుచ్చిన 3 సెం.మీ. బంకమట్టి ఉండ చంద్రుడు. రెంటినీ ఒకే పలకమీద బిగించండి. ఉండకి 20 సెం.మీ. ముందు తెర ఉంటే మధ్యలో 2 సెం.మీ. నల్లచుక్క, దాని చుట్టూ మొత్తం 6 సెం.మీ. దాకా బూడిదరంగు వలయం పడతాయి. పలకను వెనక్కి లాగుతూ పోతే ఉండకీ తెరకీ దూరం 60 సెం.మీ. అయ్యేసరికి నల్లచుక్క మాయమవుతుంది. ఆ తర్వాత వచ్చేది వలయ గ్రహణం, అంటే చంద్రుడి చుట్టూ సూర్యుడి అంచు ఉంగరంలా కనబడేది.

ఆట అయ్యాక తెర చోట అట్ట నిలబెట్టి, నీడ మధ్యలో ఒకటి, అక్కడికి 2, 4 సెం.మీ. దూరాల్లో ఇంకో రెండు చిన్న కన్నాలు పెట్టండి. పిల్లలు కన్ను ఆనించి చూస్తే మొదటి దాంట్లో బల్బు కనబడదు, రెండో దాంట్లో నెలవంక, మూడో దాంట్లో నిండు బల్బు. అసలు సూర్యుణ్ణి మాత్రం ఇలా చూడకూడదని అక్కడికక్కడే గట్టిగా చెప్పండి.

నల్లచుక్క నల్లగా రాకపోతే చుట్టూ సున్నం గోడలున్నాయేమో చూడండి. వాటి వెలుగు తిరిగొచ్చి తెరమీద పడుతుంది. నల్ల దుప్పటి కట్టాలి.

తెరవెనక
రాహువుని తీసెయ్యకండి, మాట్లాడించండి. ఆటలో నవ్వించే బొమ్మ కేతిగాడు అడగాలి: "రాహువయ్యా, ప్రతి అమావాస్యకీ సూర్యుడూ చంద్రుడూ ఒకే వైపు ఉంటారు గదా, నెలనెలా ఎందుకు మింగవు?" అతని జోడీ బొమ్మ బంగారక్క పందెం కాస్తుంది. జనం చేతులెత్తి ఏదో ఒక పక్షం చేరిందాకా దీపం వెలిగించొద్దు. జవాబేమిటంటే, చంద్రుడి కక్ష్య భూమి కక్ష్యకి దాదాపు 5 డిగ్రీలు వాలి ఉంటుంది. మీటరు కర్రకి ఒక కొసన భూమి, రెండో కొసన చంద్రుడు ఉంటే అది దాదాపు 9 సెం.మీ. ఎత్తు. చంద్రుణ్ణి అంత పైకి లేపితే నీడ భూమిని దాటిపోతుంది. కళాకారులకి రాసిన సంభాషణలు ఇవ్వకండి, ఈ విషయం అర్థమయ్యేలా చెప్పండి చాలు. మాట వాళ్ళే అల్లుతారు, మనం రాసినదానికంటే బాగుంటుంది.

చంద్రగ్రహణానికి చంద్రుడు తోలుతోనే చెయ్యాలి: రంగు వెయ్యని బిళ్ళ ఒకటి, రాగి ఎరుపు బిళ్ళ ఒకటి. భూమి గాలిపొరలో నీలం చెదిరిపోయి, వంగి వచ్చిన ఎరుపే చంద్రుడి మీద పడుతుంది. బిళ్ళను తెరకి అదిమి పట్టాలి. తోలులోంచి వచ్చే వెలుగు నలుదిక్కులా చెదురుతుంది కాబట్టి, నాలుగు వేళ్ళ దూరం వెనక్కి తీస్తే రంగు చచ్చి ఉత్త నీడ మిగులుతుంది.

ఒంగోలు_కళాజాత
పై ఇద్దరి మాటా సరే గానీ కొలతల అబద్ధం కూడా, అంటే మన బొమ్మల సైజులూ దూరాలూ అసలు నిష్పత్తిలో లేవని కూడా చెప్పెయ్యాలి. భూమి 12 సెం.మీ. బంతి అయితే చంద్రుడు 3.3 సెం.మీ., దూరం 3.6 మీటర్లు, సూర్యుడు 13 మీటర్ల గోళం, 1.4 కిలోమీటర్ల అవతల. ఊళ్ళో ఆ దూరంలో ఉన్న గుడినో చెరువుకట్టనో చూపించి చెప్పండి.

1990ల మొదట్లో నెల్లూరు అక్షరాస్యత ఉద్యమంలో కళాజాతలు (ఊరూరా తిరిగే పాటల, నాటకాల బృందాలు) పట్టు సాధించడానికి జనానికి ఎదురు ప్రశ్న వేసే చోటు ఇవ్వడమూ ఒక కారణమని నా నమ్మకం. అందుకే ఇరవై నిమిషాల్లో పది వాళ్ళకి వదలండి.

సాయంత్రం సముద్రం గాలికి తెర ఊగుతుంది. తెరగా కట్టిన పంచె కింది అంచు మడిచి కుట్టి, వెదురుబద్ద దూర్చి రెండు కొసలా కట్టండి. వీధిలైటు ఆపమని పంచాయతీకి ముందే చెప్పుకోండి.

కావలి_సైన్స్‌టీచర్
చాలా సంతోషం. ఆముదం దీపాలే వాడదామని బృందం పెద్దాయన అంటున్నారు, కుదురుతుందా?

నీడలెక్క
కథకి ఆముదమే పెట్టించండి, ఆ వెలుగులో తోలు రంగులకి ప్రాణం వస్తుంది. గ్రహణానికి మాత్రం ఎల్‌ఈడీకి మార్చండి. పై కొలతల్లో జ్వాల ఒక సెంటీమీటరు ఊగితే నీడ 3 మి.మీ. ఎదురువైపు ఊగుతుంది, 2 సెం.మీ. నల్లచుక్కకి అంచు నిలవదు.