క్లచ్ వదిలితే గరగర, తొక్కితే మాయం. గేర్‌బాక్స్ దింపాలా?

మాది గుంటూరు, ఉద్యోగానికి రోజూ విజయవాడ వెళ్లొస్తాను. 2014 డీజిల్ కారు, మాన్యువల్ గేర్లు, లక్షా పది వేల కిలోమీటర్లు తిరిగింది.

పది రోజులుగా బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర న్యూట్రల్‌లో పెట్టి క్లచ్ వదిలితే చాలు, గేర్‌బాక్స్ వైపు నుంచి పిండిమర తిరిగినట్టు గరగరమని శబ్దం వస్తోంది, పెడల్ తొక్కగానే ఆగిపోతోంది. పొద్దున బయల్దేరేటప్పుడు తక్కువ, కాజ టోల్‌గేట్ దాటి బండి వేడెక్కాక ఎక్కువ. గేర్లు సాఫీగానే పడుతున్నాయి, క్లచ్ జారడం లేదు.

ఆటోనగర్‌లో చూపిస్తే రిలీజ్ బేరింగ్ (పెడల్ తొక్కినప్పుడు క్లచ్‌ని విడదీసేది) పోయింది, క్లచ్ సెట్ మొత్తం మార్చాలన్నారు. కానీ రిలీజ్ బేరింగ్ అయితే తొక్కినప్పుడు కదా అరవాలి? వదిలినప్పుడు వస్తోందంటే ఇన్‌పుట్ షాఫ్ట్ (క్లచ్ వదిలినప్పుడు ఇంజిన్‌తో పాటు తిరిగే గేర్‌బాక్స్ షాఫ్ట్) బేరింగ్ మీదే నా అనుమానం. ఏదైనా గేర్‌బాక్స్ దింపక తప్పదు, అందుకే తప్పు పార్టు మార్చి మళ్లీ దింపించుకునే స్థోమత నాకు లేదు. అమ్మని డయాలసిస్‌కి తీసుకెళ్లేది కూడా ఈ కారులోనే, దారిలో ఆగిపోతుందేమోనని చాలా టెన్షన్‌గా ఉంది.

ముందు గేర్ ఆయిల్ తీయించి ఇనప రజను ఉందేమో చూస్తే తేలుతుందా? ఇలాంటి శబ్దం వచ్చినవాళ్లు చివరికి ఏం మార్చారో, అప్పటిదాకా బండి నడపొచ్చో లేదో దయచేసి చెప్పండి.