ఐసు మీద పెట్టినా సీఎక్స్‌సీఆర్4 తగ్గుతోంది, ఎందుకు?

జుర్కాట్ టీ కణాలు (ల్యాబ్‌లో పెంచే ఒక రకం తెల్ల రక్తకణాలు) తమ పైపొర మీదుండే సీఎక్స్‌సీఆర్4 అనే గ్రాహకాన్ని లోపలికి లాక్కోవడాన్ని ఫ్లో సైటోమెట్రీలో (ఒక్కో కణం మెరుపును కొలిచే పద్ధతి) కొలుస్తున్నాను. ఆ గ్రాహకానికి అతుక్కునే ప్రోటీన్ (లిగాండ్) సీఎక్స్‌సీఎల్12ను మిల్లీలీటరుకు 100 నానోగ్రాములు కలిపి, 37 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఉంచి, ఐసు మీద, సీఎక్స్‌సీఆర్4ను పట్టుకునే 12జీ5 యాంటీబాడీతో స్టెయిన్ చేస్తే సిగ్నల్ సగానికి పడిపోయింది. సంబరపడేలోపే చిక్కొచ్చింది: సీఎక్స్‌సీఎల్12 కలిపినా మొదటి నుంచీ ఐసు మీదే ఉన్న కంట్రోల్‌లోనూ మూడో వంతు తగ్గింది. అంత చలిలో ఎండోసైటోసిస్ (కణం లోపలికి లాక్కోవడం) జరగదు కదా!

లోపలికి లాక్కోవడాన్ని ఆపే సోడియం అజైడ్ కలిపాను, తేడా లేదు. చల్లని పీబీఎస్‌తో (కణాలు కడిగే ఉప్పు ద్రావణం) మూడుసార్లు కడిగాను, అదే తీరు. అతుక్కున్న లిగాండ్‌ను ఊడగొట్టే ఆమ్ల ద్రావణం, అంటే పీహెచ్ 3 గ్లైసిన్ బఫర్‌తో 2 నిమిషాలు కడిగితే కంట్రోల్ కోలుకుంది గానీ సగం కణాలు చచ్చిపోయాయి. అతుక్కున్న లిగాండే 12జీ5 కూర్చునే చోటును కప్పేస్తోందని నా అనుమానం.

సీఎక్స్‌సీఎల్12 అతుక్కుని ఉన్నా సీఎక్స్‌సీఆర్4ను పట్టుకోగల యాంటీబాడీ క్లోన్ మీలో ఎవరైనా వాడారా, ఏది?