రింగ్‌లో ఫైబర్ తెగితే కోలుకోవడానికి 6 సెకన్లు పడుతోంది

చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. ఆరు మేనేజ్డ్ నెట్‌వర్క్ స్విచ్‌లతో ఆర్‌ఎస్‌టీపీ (ఒక లింకు తెగితే ట్రాఫిక్‌ను మరో దారికి మార్చే ప్రోటోకాల్) రింగ్ వేశాను. ఐదు లింకులు రాగి కేబుల్. కోల్డ్ స్టోరేజ్ వైపు వెళ్లే ఒక్కటి మాత్రం ఫైబర్, రెండు చివరలా మీడియా కన్వర్టర్లు (రాగి సిగ్నల్‌ను ఫైబర్‌కు, ఫైబర్‌ను రాగికి మార్చేవి).

రాగి కేబుల్ ఏది పీకినా సెకను లోపే అంతా మామూలైపోతోంది. ఫైబర్ పీకితే మాత్రం దాదాపు 6 సెకన్లు. పీఎల్‌సీ (లైన్‌ను నడిపే కంట్రోలర్) వాచ్‌డాగ్, అంటే కమ్యూనికేషన్ లేకుండా అది ఆగే గడువు, 2 సెకన్లే, దాంతో లైన్ ఆగిపోతోంది. అప్పుడు కూడా స్విచ్‌ల పోర్టు లైట్లు వెలుగుతూనే ఉన్నాయి, అంటే తెగిన సంగతి వాటికి తెలియడం లేదు.

హలో టైమ్ (స్విచ్‌లు ఒకదానికొకటి ఆర్‌ఎస్‌టీపీ సందేశం పంపే వ్యవధి) 2 సెకన్ల నుంచి 1కి తగ్గించాను, 3 సెకన్లకు దిగింది. అంతకంటే తగ్గదు. కన్వర్టర్లలో లింక్ ఫాల్ట్ పాస్ త్రూ (ఫైబర్ తెగితే రాగి పోర్టునూ ఆపేసే సదుపాయం) డిప్ స్విచ్ రెండు వైపులా ఆన్ చేసి, పవర్ ఒకసారి ఆపి మళ్లీ ఇచ్చాను. లైటు ఆరితే ఒట్టు! ప్యాచ్ కార్డులూ మార్చాను. వాచ్‌డాగ్ పెంచడానికి ప్రొడక్షన్ వాళ్లు ఒప్పుకోరు, నాకూ ఇష్టం లేదు.

స్విచ్‌లన్నిటిలో ఎంఆర్‌పీ (రింగ్‌ల కోసమే ఉన్న మరో ప్రోటోకాల్) ఉంది. కన్వర్టర్లు అలాగే ఉంచి ఎంఆర్‌పీకి మారితే, పోర్టు లైటు ఆరకపోయినా, రింగ్ చుట్టూ తిప్పి చూసే టెస్ట్ ఫ్రేముల ఆధారంగా 2 సెకన్లలోపు కోలుకుంటుందా? ఇలాంటి సెటప్‌లో చేసి చూసినవాళ్లు చెప్పగలరా?