పాలిపోతున్న అక్రోపోరా: ఎల్‌ఈడీ తీవ్రత తగ్గించాలా, వెలుగు గంటలు తగ్గించాలా?

ప్రశ్న (ఫ్రిస్కో, టెక్సస్ నుంచి)

మిత్రులకు నమస్కారం. నా 90 గ్యాలన్ల రీఫ్ ట్యాంకు (పగడాలను పెంచే ఉప్పునీటి అక్వేరియం) మీద నాలుగేళ్లుగా ఉన్న ఆరు టీ5 (సన్నని ఫ్లోరోసెంట్) ట్యూబులను తీసివేసి, ఐదు వారాల క్రితం రెండు ఎల్‌ఈడీ లైట్లు బిగించాను. తెల్లని వెలుగు కళ్లలో గుచ్చుకుంటోందని ఇంట్లో అనడంతో ఆప్‌లో తెలుపును 60 నుంచి 20 శాతానికి దించాను. అప్పుడు ట్యాంకు మరీ మసకగా కనిపించింది కాబట్టి నీలాన్ని 90 శాతానికి పెంచాను. ఇప్పుడు పై రాతి మీది అక్రోపోరాలు (కొమ్మలుగా పెరిగే పగడాలు, అంటే కోరల్స్) పాలిపోతున్నాయి. అడుగున ఇసుక మీద ఉన్న హ్యామర్ కోరల్ మాత్రం ఎప్పటిలాగే విచ్చుకుంటోంది. నైట్రేట్ 3 పీపీఎం, ఫాస్ఫేట్ 0.02, ఆల్కలినిటీ (నీటి క్షారత) 8.3, నీటి ఉష్ణోగ్రత 78 డిగ్రీల ఫారన్‌హీట్. లైట్లు రోజుకు పది గంటలు వెలుగుతాయి. తీవ్రత తగ్గించాలా, గంటలు తగ్గించాలా, లేక లైటు జోలికి పోకుండా పోషకాలు పెంచాలా?

మొదటి జవాబు (ఎడిసన్, న్యూజెర్సీ నుంచి)

లైటును తప్పుపట్టే ముందు నీటిని చూడండి. నడి మధ్యాహ్నం ఎండ సముద్రపు ఉపరితలం మీద దాదాపు 2000 పార్ (కిరణజన్య సంయోగక్రియకు పనికివచ్చే వెలుగు కొలత) ఉంటుంది, లోతు తక్కువగా ఉన్న పగడపు దిబ్బల మీద అక్రోపోరాలు ఆ ఎండలోనే పెరుగుతున్నాయి. ఇంట్లో పెట్టుకునే ఏ ఎల్‌ఈడీ అయినా దానితో పోలిస్తే ఎంత? మీ ఫాస్ఫేట్ 0.02 అంటే దాదాపు లేనట్టే. చేపలకు మేత పెంచండి, వెలుగును ఆరు గంటలకు కుదించండి, తీవ్రతను మాత్రం కదపవద్దు. నేను రెండేళ్ల క్రితం తీవ్రత తగ్గించినప్పుడు నా అక్రోపోరాలన్నీ గోధుమరంగుకు తిరిగాయి. పాత రంగులు రావడానికి ఎనిమిది నెలలు పట్టింది.

రెండవ జవాబు (బోథెల్, వాషింగ్టన్ నుంచి)

ఎడిసన్ మిత్రులు నీటి గురించి చెప్పినదాన్ని నేను కాదనను. 2013లో సౌతాంప్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపినది కూడా అదే దారిలో ఉంది: నైట్రేట్ ఉండి ఫాస్ఫేట్ చాలకపోతే కోరల్ వెలుగుకూ వేడికీ తట్టుకోలేక త్వరగా తెల్లబడుతుంది. కానీ గంటలు తగ్గించి తీవ్రతను అలాగే ఉంచమన్న సలహాతో నేను ఏకీభవించలేను. ఇక్కడ పాటిస్తే కోరల్‌కు నష్టం జరుగుతుందని నా నమ్మకం.

ముందుగా కంటి సంగతి. మన కన్ను 555 నానోమీటర్ల దగ్గరి ఆకుపచ్చ వెలుగుకు గరిష్ఠంగా స్పందిస్తుంది. 450 దగ్గరి నీలానికి ఆ స్పందన 4 శాతానికి కూడా చేరదు. కోరల్ కణజాలంలో కాపురముండే సూక్ష్మ శైవలాలకు కావలసినది సరిగ్గా ఆ నీలమే, ఎందుకంటే వాటి క్లోరోఫిల్ దాన్నే బాగా పీల్చుకుంటుంది. అంటే ఫ్రిస్కో మిత్రులు ట్యాంకు మసకబారిందని నీలాన్ని పెంచినప్పుడు గదిలో వెలుగు కొద్దిగానే పెరిగింది, అక్రోపోరా మీద మాత్రం చాలా పెరిగి ఉంటుంది. ఫోన్‌లోని లక్స్ (కంటికి తోచే వెలుగు కొలత) ఆప్ కూడా కంటినే అనుకరిస్తుంది కనుక దానిని నమ్మి సరిచేయాలని చూస్తే అదే పొరపాటు మళ్లీ జరుగుతుంది. ఆప్‌లోని శాతం కూడా డయోడ్లకు అందే విద్యుత్తును సూచిస్తుందే తప్ప రాతి మీదికి చేరిన వెలుగును కాదు. లైటును ఆరు అంగుళాలు పైకి ఎత్తితే శాతం మారదు, పార్ మారుతుంది.

ఇక గంటల లెక్క. 500 పార్ ఆరు గంటలు ఇచ్చినా, 300 పార్ పది గంటలు ఇచ్చినా చదరపు మీటరుకు రోజు మొత్తం మీద అందే కాంతి ఒక్కటే, 10.8 మోల్స్ (కాంతి కణాల లెక్క). అయితే శైవలం వెలుగును రోజు చివర కూడి చూసుకోదు, క్షణక్షణం వాడుకుంటుంది. అది వాడుకోగలిగిన హద్దు దాటిన వెలుగు హానికరమైన ఆక్సిజన్ రూపాలను పుట్టిస్తుంది, కిరణజన్య సంయోగక్రియ యంత్రాంగం బాగుపడే వేగం కన్నా దెబ్బతినే వేగం ఎక్కువవుతుంది, చివరకు కోరల్ ఆ శైవలాన్ని బయటికి నెట్టివేసి పాలిపోతుంది. గంటలు కుదిస్తే ఆ దెబ్బ తగిలే సమయం తగ్గుతుందే కాని దెబ్బ తీవ్రత తగ్గదు.

2000 పార్ ఉదాహరణ కూడా ఇక్కడ పొసగదు. దిబ్బ మీది కోరల్ పుట్టినప్పటి నుంచి ఆ ఎండకు అలవాటు పడింది. పైగా అక్కడ ఉదయం నెమ్మదిగా పెరిగి, మధ్యాహ్నం కొద్దిసేపే నిలిచే వెలుగు అది, మబ్బులూ అలలూ దాన్ని ఎడతెగక మారుస్తుంటాయి. మన ఎల్‌ఈడీ ఉదయం పది గంటలకు ఒక స్థాయికి చేరి సాయంత్రం దాకా కదలదు. నాలుగేళ్లు టీ5 కింద, అన్ని వైపుల నుంచీ మెత్తగా పడే వెలుగులో పెరిగిన కొమ్మ మీద ఇప్పుడు ఒకే బిందువు నుంచి సూటిగా పడుతోంది.

ఫ్రిస్కో మిత్రమా, ఒక పని చేయండి. రాత్రి లైట్లు ఆర్పాక చిన్న టార్చ్ పట్టుకుని ఒక అక్రోపోరా కొమ్మను పక్క నుంచి చూడండి. పై ముఖం పాలమీగడ రంగుకు వచ్చి, నీడలో ఉన్న కింది ముఖం ఇంకా పచ్చగానో గోధుమగానో ఉంటే అది వెలుగు పని. కొమ్మ అంతా, నీడ పక్కతో సహా, ఒకేలా వెలిసిపోతే అప్పుడు ఎడిసన్ మిత్రుల మాట నిజం, పోషకాలే మూలం.

ఎడిసన్ నుంచి మళ్లీ

నీడ పక్కను చూడాలన్న ఆలోచన నాకు తట్టలేదు, దాన్ని ఒప్పుకుంటున్నాను. అయినా నా భయం పోలేదు. పార్ మీటరు ఖరీదైన వస్తువు, అందరి దగ్గరా ఉండదు. అంచనాతో దించితే గోధుమరంగు తప్పదు.

బోథెల్ నుంచి

మీ ఎనిమిది నెలల కష్టాన్ని నేను చిన్నది చేయను. కానీ గోధుమరంగుకు తిరిగిన కోరల్ బతికే ఉంటుంది, వెలుగు చాలక శైవలాన్ని పెంచుకుంటుంది అంతే. తెల్లబడి కణజాలం ఊడిన కొమ్మ మీద వారంలో నాచు పడుతుంది, ఆ కొమ్మ తిరిగి రాదు. ఈ రెండింటిలో ఏ వైపు పొరపాటు చేసినా ఫరవాలేదో దీన్నిబట్టి తేల్చుకోవచ్చు. మీటరు కొనక్కరలేదు, చాలా ఊళ్లలో రీఫ్ క్లబ్బులు, కొన్ని కోరల్ దుకాణాలు అద్దెకిస్తాయి. మీటరును నీటిలో ముంచి కొలిచేటప్పుడు దాని తయారీదారు ఇచ్చిన నీటి గుణకంతో అంకెను గుణించడం మరచిపోకండి, లేకపోతే అంకె తక్కువగా వస్తుంది.

ఫ్రిస్కో నుంచి, నాలుగు రోజుల తర్వాత

రాత్రి టార్చ్‌తో చూశాను. మూడు కొమ్మల పై ముఖాలు మీగడ రంగులో, కింది ముఖాలు ఆకుపచ్చగా ఉన్నాయి. క్లబ్బు మీటరు అద్దెకు తెచ్చి కొలిస్తే పై రాతి మీద 520, నడిమి రాతి మీద 210, హ్యామర్ దగ్గర 95 వచ్చాయి. రంగుల నిష్పత్తిని మార్చకుండా అన్ని ఛానెళ్లనూ కలిపి, పై రాతి మీద 260 వచ్చేదాకా దించాను. గంటలు పది అలాగే ఉంచాను. ఇక మీద వారానికి ఐదు శాతం చొప్పున పెంచుతూ 330 దగ్గర ఆపుతాను. ఎడిసన్ మిత్రుల మాట విని చేపలకు రోజూ మరో చిటికెడు మేత వేస్తున్నాను, ఫాస్ఫేట్ 0.05కి వచ్చేదాకా. నిన్న సాయంత్రం పెద్ద అక్రోపోరా కింది కొమ్మల్లో పాలిప్స్ (కోరల్‌లోని చిన్న చిన్న జీవులు) బయటికి వచ్చాయి. పై కొమ్మల్లో ఇంకా రాలేదు.