అప్‌డేట్: హూర్న్ వెళ్లొచ్చాం

ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉంటున్నాం, డచ్చివాళ్ల వలసపాలన చరిత్ర కనిపించే ఊరు వీకెండ్‌కి ఏదైనా చెప్పమని అడిగాను కదా. ఎక్కువమంది చెప్పిన హూర్న్‌కే వెళ్లాం. చాలా థాంక్స్ అండీ.

అక్టోబరు ముసురు, ఎముకలు కొరికే గాలి. అయినా అక్కడి రోడె స్టేన్ కూడలిలో చాలాసేపు ఉండిపోయాం. నడిమధ్యన డచ్ ఈస్టిండియా కంపెనీ గవర్నర్ జనరల్ యాన్ పీటర్‌స్జోన్ కూన్ విగ్రహం, 1893 నాటిది. కింద ఫలకం తప్పకుండా చదవండి. జాజికాయ వ్యాపారం తమ గుప్పిట్లోనే ఉండాలని 1621లో ఆయన బాండా దీవులపై (ఇప్పటి ఇండోనేషియాలోవి) చేసిన దాడిలో వేలమంది చనిపోయారని అందులోనే ఉంది. ఆ మాటలు 2012లో చేర్చారు. నా దృష్టిలో అది సరిపోదు. విగ్రహం అంతెత్తున ఉంది, నిజం చిన్న అక్షరాల్లో ఉంది.

మా అమ్మమ్మగారిది బందరు. అక్కడ డచ్ కంపెనీ కొన్న మన కోరమాండల్ బట్టలనే ఆ దీవుల వైపు తీసుకెళ్లి సుగంధ ద్రవ్యాలకు మార్చుకునేవారు. అది తెలిసి చూస్తే మనసు చివుక్కుమంది.

ఆదివారం ఆమ్‌స్టర్‌డామ్‌లో కంపెనీ పాత ఆఫీసు బయటి నుంచే చూశాం, ఇప్పుడది యూనివర్సిటీది. హూర్న్‌కి రైలుంది, స్టేషన్ నుంచి కూడలికి నడిచే వెళ్లొచ్చు.