పాపికొండల్లో పెళ్ళి మాట అడుగుదామనుకుంటున్నాను, సలహా కావాలి

ప్రశ్న (సీతమ్మధార నుంచి)

అందరికీ నమస్కారం. ఒక అమ్మాయి, నేను కొన్నేళ్ళుగా ఇష్టపడుతున్నాం. ఇద్దరికీ విశాఖలోనే ఉద్యోగాలు. పెళ్ళి గురించి అటూ ఇటూ మాట్లాడుకున్నాం గానీ, "నన్ను పెళ్ళి చేసుకుంటావా" అని నేను సూటిగా ఎప్పుడూ అడగలేదు. ఆ మాట జీవితాంతం గుర్తుండేలా అడగాలని నా కోరిక.

తనకు అడవులంటే ప్రాణం. సెలవు దొరికితే బైనాక్యులర్స్ మెళ్ళో వేసుకుని పిట్టల్ని చూడ్డానికి వెళ్తుంది. అందుకే పాపికొండల జాతీయ ఉద్యానవనం అనుకున్నాను. డిసెంబరులో గోదావరి మీద బోటు, రెండు కొండలూ దగ్గరయ్యే చోట మైకులో తన పేరు పిలిపించి, అందరి ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉంగరం ఇవ్వాలని ప్లాన్. ఇద్దరు ఫ్రెండ్స్ వీడియో తీస్తారు. డ్రోన్ కూడా ఉంది. పేరంటాలపల్లిలో దిగాక బెలూన్లు, ఆకాశ దీపాలు వదలాలని ఉంది.

బోటు వాళ్ళతో ముందే మాట్లాడుకోవచ్చా? డ్రోన్‌కి అనుమతి దొరుకుతుందా? తనకు తెలియకుండా ఉంగరం సైజు ఎలా కనుక్కోవాలి? ఇంకో సంగతి, తన మేనమామ వాళ్ళది రాజమండ్రి. చాలా టెన్షన్‌గా ఉంది, కాస్త చెప్పండి.

జవాబు (గాజువాక నుంచి)

శుభం బ్రదర్! బోటు వాళ్ళు మైకు ఇస్తారు, ఆ విషయంలో ఇబ్బంది ఉండదు. క్రిస్మస్ సెలవుల్లో మాత్రం పెట్టుకోవద్దు, విపరీతమైన రద్దీ. మంగళ, బుధవారాలు చూడండి.

జవాబు (మధురవాడ నుంచి)

తమ్ముడూ, మా ఆఫీసు వాళ్ళని, చుట్టాలని పాపికొండలకు తీసుకెళ్ళే పని ఎప్పుడూ నామీదే పడుతుంది. ఆ రోజు ఎలా గడుస్తుందో చెబుతాను, తర్వాత నువ్వే ఆలోచించుకో.

విశాఖ నుంచి రాజమండ్రి సుమారు 200 కిలోమీటర్లు. రైల్లో మూడు, మూడున్నర గంటలు. బోటు గండిపోచమ్మ రేవు దగ్గర ఉదయమే బయలుదేరుతుంది కాబట్టి ముందు రోజు రాత్రికే రాజమండ్రిలో ఉండాలి. బోటెక్కాక టిఫిన్, మధ్యాహ్నం భోజనం అందులోనే. పాటలు, డాన్సులు, మైకులో జోకులు. పిల్లలు అటూ ఇటూ పరుగెడుతుంటారు. పేరంటాలపల్లిలో దిగి శివాలయం చూసి, కొండరెడ్లు అమ్మే వెదురు బొమ్మలు కొనుక్కుని మళ్ళీ ఎక్కుతారు. తిరిగి రేవుకు చేరేసరికి సాయంత్రం.

కొండలు దగ్గరయ్యే చోటు నిజంగా అద్భుతమే, అందులో రెండో మాట లేదు. కానీ సరిగ్గా అక్కడే బోట్లో అందరూ లేచి ఒకే వైపు ఫోటోల కోసం ఎగబడతారు. సిబ్బంది "కూర్చోండి, కూర్చోండి" అని అరుస్తూనే ఉంటారు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర బోటు మునిగి జరిగిన ఘోరం తర్వాత ఆ అరుపుకి అర్థం ఉంది. దాని తర్వాతే కంట్రోల్ రూములు, లైఫ్ జాకెట్ల విషయంలో కట్టుదిట్టం పెరిగాయి. నువ్వు మైకులో పిలిస్తే జనమంతా ఒక మూలకి చేరతారు. నది మీద ఆ పని చేయించకు, దయచేసి. లైఫ్ జాకెట్ వేసుకుని మోకాళ్ళ మీద కూర్చోవడం కూడా నువ్వు ఊహించుకున్నట్టు ఉండదు.

అసలు నన్ను ఆపుతున్నది వేరే. నువ్వు మధ్యాహ్నం పన్నెండుకి అడిగావనుకో. తను "కొంచెం టైం కావాలి" అంది. ఇష్టం లేక కాదు, ఇంట్లో వాళ్ళు గుర్తొచ్చి అలా అంది. తర్వాత సాయంత్రం దాకా ఇద్దరూ అదే బోట్లో, ఆ జనం మధ్యే కూర్చోవాలి. దిగి పోదామంటే గోదావరి. అవునన్నా, ఆలోచిస్తానన్నా తను హాయిగా లేచి నాలుగడుగులు నడవగలిగే చోట అడుగు. చోటు వెతికేటప్పుడు నేనైతే మొదట చూసేది అదే.

ఇక రూల్స్. పాపికొండలు మొదట అభయారణ్యం, 2008లో జాతీయ ఉద్యానవనం అయింది. వెయ్యి చదరపు కిలోమీటర్ల పైనే ఉంటుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అక్కడ నిప్పు పెట్టడం, చెత్త వెయ్యడం, జంతువుల్ని బెదరగొట్టడం నేరం. ఆకాశ దీపం అంటే గాలికి ఎటు పోతుందో తెలియని నిప్పు. డిసెంబరు నాటికి గడ్డి ఎండుతుంది. ఆ ఆలోచన పూర్తిగా మానుకో. బెలూన్ పేలి తీగలకు చిక్కితే తీసేవాడుండడు, జంతువు నోట పడుతుంది. డ్రోన్ అటవీశాఖ అనుమతి లేకుండా ఎగరేయకూడదు. పిట్టల్ని ప్రేమించే అమ్మాయి నెత్తిన డ్రోన్ తిప్పితే తనకి నచ్చుతుందా, అదీ చూసుకో.

జవాబు (ఎం.వి.పి. కాలనీ నుంచి)

ఒక ఆడపిల్లగా రెండు మాటలు చెబుతాను, ఏమీ అనుకోకండి.

నన్ను బీచ్ రోడ్డులో అందరి మధ్య అడిగారు. చుట్టూ ఫోన్లు పైకి లేచాయి, తెలియనివాళ్ళు "యెస్ చెప్పు, యెస్ చెప్పు" అని చప్పట్లు కొట్టారు. యెస్ చెప్పాను. మనసులో ఉన్నదీ అదే. కానీ మా నాన్నగారి ఆరోగ్యం, నా ట్రాన్స్‌ఫర్, ఉద్యోగం మానకూడదన్న నా పట్టుదల, ఇవన్నీ మాట్లాడాకే చెప్పాలనుకున్న మాట అది. ఆ మాటలన్నీ తర్వాత మాట్లాడుకోవాల్సి వచ్చింది. ఆయన మంచివారు కాబట్టి సరిపోయింది. ఆ వీడియో మాత్రం నేను ఇప్పటికీ చూడను. అందులో నేను బిక్కమొహం వేసుకుని ఉంటాను.

మీరు రాసినదాన్ని బట్టి ఆ అమ్మాయి నెమ్మదస్తురాలు. తను ఎప్పుడైనా ఇలాంటి వీడియోలు చూసి ముచ్చటపడిందా, లేక "అబ్బ, ఇదేంటి" అని మొహం తిప్పుకుందా? గుర్తు చేసుకోండి, జవాబు మీకే దొరుకుతుంది.

ఇంకోటి. ముందు రోజు రాత్రి రాజమండ్రిలో ఉండాలన్నారు కదా పైన అన్నయ్యగారు. ఆ రాత్రి తను ఎక్కడ ఉంటుంది? ఇంట్లో ఏం చెప్పి వస్తుంది? మేనమామ గారి ఊళ్ళో, పెళ్ళికి ముందు, ఒక అబ్బాయితో హోటల్‌కి వచ్చిందని ఎవరైనా చూస్తే మాట పడేది తనే. సర్‌ప్రైజ్ కోసం తన చేత ఇంట్లో అబద్ధం చెప్పించకండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ థాంక్స్. అక్కా, మీరన్నాక గుర్తొచ్చింది. ఒకసారి మాల్‌లో ఎవరో అలా అడుగుతుంటే తను నా చెయ్యి పట్టుకుని పక్కకి లాక్కెళ్ళిపోయింది. "పాపం ఆ అమ్మాయి" అంది. మైకు, ఫ్రెండ్స్, డ్రోన్ అన్నీ తీసేస్తున్నాను. బోటు కూడా.

కానీ అడవిలోనే అడగాలని ఉంది. పొద్దున వెళ్ళి సాయంత్రానికి ఇంటికి చేరేలా విశాఖ దగ్గర్లో ఏదైనా ఉందా? వంజంగి అయితే ఎలా ఉంటుంది?

జవాబు (పాడేరు నుంచి)

వంజంగి మా దగ్గరే. శీతాకాలం తెల్లవారుజామున మేఘాలు కాళ్ళ కింద కనిపిస్తే మాటలు రావు. కానీ శని, ఆదివారాల్లో కొండ మీద నిలబడే చోటు ఉండదు. మేఘాలు రోజూ రావు కూడా. విశాఖ నుంచి అర్ధరాత్రి దాటాక బయలుదేరాలి, ఘాట్ రోడ్డులో పొగమంచు, చివర చీకట్లో నడక. నిద్ర లేని మొహాలతో అడగాల్సి వస్తుంది. ఒకే రోజులో వెళ్ళి రావడానికి నేనైతే చెప్పను.

జవాబు (ఎండాడ నుంచి)

కంబాలకొండ ఉండగా ఇంత దూరం ఎందుకు ఆలోచిస్తున్నారో నాకు అర్థం కావడం లేదు. పిట్టల్ని చూసే అమ్మాయి అంటున్నారు, తను అక్కడికి వెళ్ళకుండా ఉండదు.

అది జాతీయ ఉద్యానవనం కాదు, వన్యప్రాణి అభయారణ్యం. సుమారు 70 చదరపు కిలోమీటర్లు. ఒకప్పుడు విజయనగరం రాజుల చేతిలో ఉన్న అడవి. హైవే పక్కనే గేటు, రెండు మలుపులు తిరిగితే లారీల మోత వినపడదు. లోపల జలాశయం, నడవడానికి దారులు ఉన్నాయి. నెమళ్ళు కనిపిస్తాయి, నీటి దగ్గర లకుముకి పిట్టలు. 2014లో హుద్‌హుద్ తుఫాను దెబ్బకి చెట్లు ఎలా పడిపోయాయో చూసినవాళ్ళం. ఆ అడవి మళ్ళీ చిగిర్చి ఇంత పచ్చగా అవ్వడం చూస్తే నాకు ఇప్పటికీ కడుపు నిండినట్టు ఉంటుంది.

కొన్ని జాగ్రత్తలు. కార్తీక మాసం ఆదివారాలు వద్దే వద్దు, వనభోజనాలకి ఊరు ఊరంతా అక్కడే ఉంటుంది. మామూలు రోజు చూసుకుని, గేటు తెరవగానే లోపలికి వెళ్ళండి. టికెట్, వేళలు, ఆ రోజు ఏ దారి తెరిచి ఉందో ముందు రోజు గేటు దగ్గరే కనుక్కోండి, మారుతూ ఉంటాయి. చిరుతలున్న అడవి, కాబట్టి ఫోటో కోసమని దారి వదిలి పొదల్లోకి వెళ్ళకండి, సాయంత్రం దాకా ఉండిపోవద్దు. ప్లాస్టిక్ తీసుకెళ్ళొద్దు. పూలు కావాలంటే ఇంటి నుంచి తీసుకెళ్ళి, తిరిగి ఇంటికే తెచ్చుకోండి. లోపల కొమ్మలు, పూలు కోయకూడదు.

జలాశయం ఒడ్డున అడగండి. అక్కడిదాకా నడిచేసరికి ఊపిరి కుదుటపడుతుంది, మాటలు వాటంతటవే వస్తాయి. తను బైనాక్యులర్స్‌తో ఏదైనా పిట్టను చూస్తుంటే మాత్రం మధ్యలో పిలవకండి. అది ఎగిరిపోయేదాకా ఆగండి.

జవాబు (వన్‌టౌన్ నుంచి)

ఉంగరం గురించి ఎవరూ చెప్పలేదు. మాది కురుపాం మార్కెట్‌లో బంగారం పని చేసే కుటుంబం.

తను పెట్టుకునే ఉంగరం ఒకటి గంట సేపు మీ చేతికి వస్తే చాలు, ఏ షాపులోనైనా సైజు చెప్పేస్తారు. కానీ అది తను ఏ వేలికి పెట్టుకుంటుందో చూసి గుర్తుపెట్టుకోండి. చూపుడు వేలి ఉంగరం తెచ్చి ఉంగరం వేలికి కొలతంటారు చాలామంది. కుడి, ఎడమ చేతులకి కూడా కొంచెం తేడా ఉంటుంది. ఉంగరం దొరక్కపోతే తన అక్కనో, దగ్గరి స్నేహితురాలినో అడగండి. అందాజాగా కొనాల్సి వస్తే సాదా ఉంగరమే తీసుకోండి, తర్వాత పెంచడం, తగ్గించడం తేలిక. చుట్టూ రాళ్ళు పొదిగిన దాన్ని మార్చడం కష్టం.

చలికి వేళ్ళు కాస్త సన్నబడతాయి. డిసెంబరు పొద్దున వదులుగా అనిపిస్తే కంగారు పడొద్దు, ఎండెక్కాక మళ్ళీ చూడండి. నీటి ఒడ్డున అంటున్నారు కాబట్టి ఉంగరానికి ఎర్ర దారం కట్టి, రెండో కొస పెట్టెకి ముడేయండి. వణికే చేతుల్లోంచి జారినా పోదు.

జవాబు (పెందుర్తి నుంచి)

బాబూ, మాది పాతకాలం. నీ వయసున్న మనవడు ఉన్నాడు నాకు, ఆ చనువుతో అడుగుతున్నాను. మీ అమ్మానాన్నలకి తెలుసా? ఆ పిల్ల ఇంట్లో?

ముందు పెద్దల్ని అడిగి తర్వాత పిల్లని అడగమని నేను అనను. ఆ పిల్ల మనసు తెలియకుండా పెద్దలు మాట్లాడుకోవడం మా రోజుల్లో చాలా చూశాను, అది మంచిది కాదు. తననే ముందు అడుగు. కానీ అడిగిన రోజే "మీ ఇంటికి ఎప్పుడు రమ్మంటావు, మీ నాన్నగారితో ఎవరు మాట్లాడితే బాగుంటుంది" అని కూడా అడుగు. ఉంగరం కంటే ఆ మాటకి తన మనసు ఎక్కువ నిమ్మళిస్తుంది. మేనమామ అన్నావు కదా, మన ఇళ్ళల్లో మేనమామ మాటకి బరువుంటుంది. ఆయన నీ పక్షాన ఉంటే సగం పని అయినట్టే. తనకి ఇష్టమైతే మొదట ఆయనకే చెప్పించు.

డిసెంబరు సగం దాటితే ధనుర్మాసం. సంక్రాంతి దాకా పెద్దలు పెళ్ళి మాటలు ఎత్తరు, కొందరు పుష్యం వెళ్ళేదాకా ఆగుతారు. దాని గురించి దిగులు పడకు. మీ ఇద్దరూ మాట్లాడుకోవడానికి ఆ రోజులు పనికొస్తాయి. కులం, కట్నం, ఎవరి ఉద్యోగం ఎక్కడ, మీ అమ్మానాన్నల్ని ఎవరు చూసుకుంటారు, తన అమ్మానాన్నల్ని ఎవరు చూసుకుంటారు, అన్నీ మాట్లాడుకోండి. కట్నం వద్దని నీ నోటితో నువ్వే ముందు చెప్పు, తను అడిగేదాకా ఆగకు.

ప్రశ్న అడిగినవారు

తాతగారూ, మీ మాట చదివి మా అమ్మకి చెప్పేశాను. అమ్మకి ముందే అనుమానం ఉందట. తనని ఒకసారి ఇంటికి తీసుకురమ్మంది. ముందు తనని అడగాలి, తర్వాత తీసుకొస్తానన్నాను.

డిసెంబరు మొదటి వారం, మామూలు పనిదినం, ఇద్దరం సెలవు పెట్టి కంబాలకొండ. ఫ్రెండ్స్ ఎవరూ రారు. కట్నం సంగతి, తన ఉద్యోగం సంగతి కూడా ఆ రోజే మాట్లాడతాను. ఒక్క ఫోటో అయినా ఉండాలని ఆశ, అది ఎలా?

జవాబు (ఎం.వి.పి. కాలనీ నుంచి)

అడిగేటప్పుడు వద్దు. అంతా అయ్యాక, తను సరేనంటే, "ఒక ఫోటో తీసుకుందామా" అని అడిగి తీసుకోండి. ఎక్కడా పోస్ట్ చెయ్యకండి, తను చెప్పేదాకా.

జవాబు (మధురవాడ నుంచి)

పాపికొండలు మాత్రం వదలకు తమ్ముడూ. పెళ్ళయ్యాక ఇద్దరూ కలిసి వెళ్ళండి, మేనమామ గారింట్లోనే దిగొచ్చు. వర్షాకాలం వరదలకి బోట్లు ఆపేస్తారు, కాబట్టి నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు పెట్టుకోండి. ఆధార్ కార్డులు దగ్గర ఉంచుకోండి. కొండలు దగ్గరయ్యే చోట తనకి కిటికీ పక్క సీటు ఇవ్వు.